ప్రాతబల్లెముల పరీక్ష

శాసనమునకు అక్షరములున్నవి. నాణెమునకు ముద్ర యున్నది. తాళపత్ర గ్రంథమునకు తుదిని వ్రాయసకాని పేరైనను ఒక్కొక్కప్పుడు దొరకును. బల్లెమునకు సాధారణముగా ఇవేవియు లేవు. అది పాతయింటి దూలమునకు కట్టబడియో, దేవాలయపు మూలగదిలో గొడుగులతోను చామరములతోను కలిసియో, పట్టణములోని పాతవస్తువుల యంగడిలో గోడకు చేరబడియో యుండును. చూచిన ప్రతివారును "ఇది చాల పాతది" యందురు. ఎంత పాతది, ఎచ్చటిది, దేనికొఱకు చేసినది యని యడిగితిమా, ప్రత్యుత్తరము కథయై వచ్చును. ఆ కథలో ఒక రాజుండును. ఒక కోట యుండును. బల్లెము పట్టిన మూలపురుషు డుండును. ఇనుమును మాత్ర మెవ్వరును ప్రశ్నింపరు.

తెలుగుదేశమున ఈ కథలకెల్ల అగ్రస్థానము బొబ్బిలిది. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులును, విజయనగర ప్రభువైన విజయరామరాజు బలములును బొబ్బిలికోటను ముట్టడించిన సంగతియు, లోనివారు స్త్రీలను బిడ్డలను తామే చంపుకొని తుదివఱకును పోరాడిన సంగతియు, కొలది దినములకే విజయరామరాజు తన గుడారముననే తాండ్ర పాపారాయని చేత హతుడైన సంగతియు మన చదువరులలో నెఱుగనివారుండరు. ఆంగ్ల చరిత్రకారుడైన ఓర్ముకూడ దీనిని వ్రాసిపెట్టినాడు. పాటగాండ్రు దీనిని ఊరూరను పాడినారు. ఇంత ఘోరమును, ఇంత పౌరుషమును ఒక్కనాట నిమిడియున్నచోట జనుల మనస్సు దానిని పట్టుకొనుటకొక యానవాలును కోరుట సహజమే. అందుచేత ఉత్తర సర్కారులలో ఏ పాతయింట తుప్పుపట్టిన యీటె కనబడినను అది బొబ్బిలి యీటెయే యగుచున్నది. ఆనాడు కోటలో నున్నవారెందఱు, నేడు చూపబడుచున్న బల్లెములెన్ని యని లెక్క చూచుకొన్నచో నవ్వు రాక మానదు. అయినను మేమిట్టి గృహస్థులను ఎగతాళి చేయబోము. ఆ బల్లెమును కాపాడినది ఆ కథయే. కథ లేనిచో అది ఎన్నడో పాతయినుమువాని తట్టలో పడియుండును.

అట్లు పడినవియు లేకపోలేదు. తంజావూరు మహారాష్ట్ర ప్రభువులలో కడపటివాడైన శివాజీ 1855లో పుత్రసంతతి లేక మరణించెను. రాజ్యమును ఆంగ్ల కంపెనీవారు కలుపుకొనిరి. ఆ కోటలోని ఆయుధశాల తరతరముల నుండి పెరిగినది. తరువాతి దశకములో దానిని విచ్ఛిన్నము చేసినప్పుడు, ఎన్నుకొనబడిన కొన్ని యాయుధములు చెన్నపురి మ్యూజియమునకు చేరెను; తక్కినవానిలో పెక్కింటిని విఱుగగొట్టించి పాతలోహముగా నమ్మివేసిరి. వాల్‌హౌసు అను దొర తరువాత దానిని గూర్చి విచారముతో వ్రాసెను. నేడు దక్షిణదేశపు బల్లెముల రూపభేదములను తెలిసికొనవలెనన్న అట్లు మిగిలిన కొలదివస్తువులే మనకు ఆధారము. నిజమైనదానిని చెత్త యని పాఱవేయుట యెంత నష్టమో, నిన్న మొన్న చేసినదానిని పురాతనమని నమ్మి మ్యూజియము బీరువాలో నుంచుట యంత నష్టమే. మొదటిదానివలన ఒక సాక్షి చచ్చును. రెండవదానివలన ఒక కూటసాక్షి పుట్టును. కూటసాక్షి మాటను నమ్మి తరువాతి పండితులు గ్రంథములు వ్రాయుదురు.

పరీక్షకు పూనుకొనువారు మొట్టమొదట వదలుకొనవలసినది "ఇది అసలా, నకిలీయా?" యను ప్రశ్న. ఆ ప్రశ్న చూచుటకు సూటిగానే యున్నది కాని దానిలో చాల ప్రశ్నలు ముడిపడియున్నవి. వస్తువు పాతదే కావచ్చును, చెప్పబడినంత పాతది కాకపోవచ్చును. మొన పాతది, కఱ్ఱ క్రొత్తది కావచ్చును. అన్నియు పాతవే యైనను యుద్ధమున కెన్నడును పోని ఆయుధము కావచ్చును. ఈ కడపటిదే మన దేశమున అన్నిటికంటె ఎక్కువ. కాబట్టి బల్లెమును చేత పట్టుకొనగానే వయస్సు నడుగుటకంటె పనిని అడుగుట మేలు.

పోరునకు చేసిన మొన లక్షణము చేతికే తెలియును. గొట్టము దగ్గఱ దళముగా నుండి కొన వైపు క్రమముగా సన్నగిలుచు పోవును. నడుమ వెన్నువలె ఒక గట్టు లేచియుండును. ఆ గట్టు బలము నిచ్చును, ఇరువైపుల పలుచదనము బరువును తగ్గించును. కమ్మరి యిట్లు చేయుటకు చాల కష్టపడవలెను, కష్టపడి చేసినాడనగా దానితో ఒకని ప్రాణము ముడిపడియుండె నన్నమాట. గోడమీది యలంకారమునకు చేసినదానిలో ఈ క్రమము కనబడదు. దళసరి రేకును ఆకారముగా కత్తిరించి అంచులను ఆకురాతితో రాచినట్లుండును. మొదటనెంత మందమో కొననంతే మందము. ఐరోపాదేశపు హాల్బర్డులలో, అనగా గొడ్డలియు మొనయు కొక్కెమును ఒక్క తలలో కూర్చిన ఆయుధములలో, ఈ భేదము మఱింత స్పష్టము. నిజమైనది రెండు మూడు కిలోగ్రాముల బరువు చొప్పున నుండి చేతిలో తేలికగా తిరుగును. తరువాతి యనుకరణములు కొన్ని ఎత్తలేనంత బరువు, కొన్ని ఊపిన నాడునంత పలుచన. ఆంగ్ల పదాతిదళములలో సార్జంటులు 1792 వఱకు హాల్బర్డులను, పిమ్మట 1830 వఱకు ఈటెలను ధరించుచుండిరి. కాబట్టి విదేశపు రూపముగల దండాయుధము మన తీరమున కనబడినంత మాత్రమున అది యబద్ధమనియు చెప్పరాదు.

ఇక మన దేశపు మాట. ఊరేగింపుల కొఱకు, దేవుని యుత్సవముల కొఱకు, జమీందారుల దర్బారుల కొఱకు చేసిన బల్లెములు వేలకొలది యున్నవి. వానికి ఇత్తడి పూలు, వెండిరేకు తొడుగులు, ఎఱ్ఱ మకమలు చుట్టలు, మొన క్రింద చిలుకలు సింహములు ఉండును. అవి వంచనకు చేసినవి కావు. భటుడు ఏనుగు ముందు నడుచునప్పుడు పట్టుకొనుటకు చేసినవి. ఆ పనిని చక్కగా చేసినవి. వానిని యుద్ధాయుధములని చెప్పువాడు వంచకుడు కాని చేసినవాడు కాడు. అమ్మవారి గుడిలోని శూలమును, కుమారస్వామి శక్తిని ఇట్లే చూడవలెను. అవి పూజకు పుట్టినవి.

మఱియొక జాతిని గూర్చి కొంచెము విరివిగా చెప్పవలసియున్నది, ఏలయన చాలమంది మోసపోవునది ఇచ్చటనే. ఆంగ్ల సేనాధికారులకు అడవిపందులను గుఱ్ఱముమీది నుండి ఈటెతో వేటాడుట పెద్ద వినోదము. దానికొఱకు ప్రత్యేకముగా నీటెలు చేయబడుచుండెను. నైజాము రాజ్యములో నుండిన ఔరంగాబాదున బోద్రాజు అను పేరుగల పనివారి మొనలు ఆ వేటకాండ్రలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినవి. ఆ మొన చిన్నది, ఆకువంటిది, పదునైనది, గొట్టము పొడవైనది, కఱ్ఱ గట్టి మగవెదురు. వంగదేశపు పద్ధతిలో కఱ్ఱ పొట్టి, మడమ చివర సీసము పోసి బరువు చేయుదురు, పైనుండి క్రిందికి పొడుచుటకు. బొంబాయి పద్ధతిలో కఱ్ఱ పొడవు, సీసము లేదు. ఇవి మంచి యుక్కుతో, మంచి నేర్పుతో చేసినవి. నూఱేండ్లకు పైబడినవి గూడ నున్నవి. పాతవి కావనుటకు వీలులేదు. కాని వానిలో ఒకదానిని పట్టుకొని "మా పూర్వులు మహమ్మదీయులతో పోరాడిన బల్లె" మనుట పందికి మాత్రమే నవ్వు తెప్పించును. వెదురుకఱ్ఱల లాన్సు ఆయుధములు ఆశ్వికదళములలో ఇరువదవ శతాబ్దమున గూడ నుండినవి; ఆంగ్ల సైన్యము 1927లో గాని యుద్ధాయుధముగా దానిని విడువలేదు. ఆ దళములలో కొలువు చేసి వచ్చిన తాతగారి యింట లాన్సు ఉండుటలో ఆశ్చర్యమేమి? తాతగారి నిజమైన లాన్సును దాచి, ముత్తాతగారి కల్పిత బల్లెముగా చూపుట మాకు వింతగా తోచును. కొలువుకంటె కోట గొప్పదని మన వంశచరిత్రలకు ఎవరు నేర్పిరో.

పని తేలినపిమ్మట పదార్థమును చూడవలెను. పూర్వము మన కమ్మరులు ఖనిజమును బొగ్గుతో చిన్న కొలుములలో కాల్చి, కరగని ఇనుపముద్దను తీసి, సమ్మెటలతో చితుకగొట్టి చిట్టెమును పిండివేసెడివారు. ఎంత పిండినను కొంత చిట్టెము లోపల దారములవలె మిగిలిపోవును. అట్టి యినుమును నునుపుచేసి పలుచని ఆమ్లముతో తడిపినచో కొయ్యలో చారలవలె పొడుగుపాటి గీతలు కనబడును. 1856లో బెస్సెమరు పద్ధతి వెలువడిన తరువాత కర్మాగారములలో పోసిన యుక్కు వచ్చెను; దానిలో ఈ చారలుండవు, దానికి మారుగా మాంగనీసు కలిసియుండును. జంషెడ్‌పురమున టాటావారు 1912లో ఉక్కు తీసిరి. కాబట్టి చారలులేని, మాంగనీసుతో కూడిన మెత్తని యుక్కుతో చేసిన మొన బొబ్బిలి చూచియుండదు. ఇంతవఱకు నిశ్చయము. కాని దీనిని తలక్రిందుచేసి "చారలున్నవి కాబట్టి పాతది" యనరాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు నుండి దిగుమతియైన కడ్డీ యినుములో గూడ చిట్టెపు చారలుండెను. దానిని కొని మన కమ్మరి చేసిన బల్లెము చారలతోనే యుండును.

"చారలు లేవు కాబట్టి క్రొత్తది" యనుటలోను ప్రమాదము కలదు, అది మనకే యెక్కువ. నిర్మలకు సమీపముననున్న కోనసముద్రము మొదలగు తెలంగాణపు గ్రామములలో ఇనుమును మట్టిమూసలలో నుంచి మూతవేసి, పూర్తిగా కరగించి ఉక్కుముద్దలను తీసెడివారు. కరగినప్పుడు చిట్టెము పైకి తేలిపోవును, ఉక్కు స్వచ్ఛమగును. వాయిసీ అను వైద్యుడు 1820 ప్రాంతములలో అచ్చటికి పోయి ఆ పనిని కన్నులార చూచి వ్రాసినాడు. పారసీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి, గ్రామముననే మకాముండి, ముద్దలను పరీక్షించి కొనుచుండిరి. పేరు డమాస్కసుది, ఖ్యాతి ఇస్ఫహానుది. మూస మాత్రము మన కమ్మరిది. ఆ యుక్కుతో చేసిన మొనలో చిట్టెపు చారలుండవు. దానికి బదులు నీటి యలలవంటి మెలికలు కనబడవచ్చును. బొగ్గుసారము మిక్కుటము, మాంగనీసు స్వల్పము. తొందరపడి దానిని క్రొత్తదని త్రోసివేయువాడు మన దేశమున పుట్టిన శ్రేష్ఠమైన వస్తువునే త్రోసివేయుచున్నాడు. కోనసముద్రపు కమ్మరులలో ఒక్కని పేరైనను మన వంశచరిత్రలలో లేదు. వారి చేతివ్రాలు ఉక్కులో తప్ప మఱెక్కడను లేదు. దానిని చదువుట నేర్చుకొనకుండ వారిని గూర్చి ప్రసంగములు చేయుట వలన వారికేమియు లాభము లేదు.

తుప్పును చూచి వయస్సు చెప్పుటకు పూనుకొనువారు పెక్కండ్రు. తుప్పు చెప్పును, కాని నెమ్మదిగా అడుగవలెను. కాలము తెచ్చిన తుప్పు గోధుమవన్నె నలుపుగా, బిగువుగా, చోటుచోటునకు భేదముతో నుండును. చేయి తగులుచోట్ల నునుపు; గొట్టము ప్రక్కన నీరు నిలుచుచోట లోతైన గుంటలు; తొడుగుక్రింద దాదాపు లేనేలేదు. ఆమ్లముతోనో ఉప్పునీటితోనో తెప్పించిన తుప్పు ఎఱ్ఱగా, పొడిపొడిగా, అన్నియెడల సమానముగా నుండును, గుడ్డతో తుడిచిన చేతికంటును. అన్నిటికంటె మేలైన ప్రశ్న ఒక్కటే: ఈ తుప్పు ఇచ్చట నుండుటకు కారణమేమి? మొనకొన, గొట్టపు లోపలివైపు, మేకుతల క్రింద సమముగానే తుప్పుపట్టియున్నచో అది గాలి పని కాదు, తొట్టి పని.

మన యిండ్లలో దీనికొక చిక్కు కలదు. విజయదశమినాడు ఆయుధములను కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజించుట ఆచారము. కడుగుట యనగా చాలయిండ్లలో చింతపండును, ఇటుకపొడియు. ఇత్తడి బిందెకు అది మంచిదే కావచ్చును. బల్లెమునకు నూఱు దసరాలు నూఱు చిన్న మరణములు. అంచులు మొద్దువాఱును, గట్టు కరగును, బంగారపు నగిషీ గీతయుండిన జాడగూడ పోవును. కొందఱు గృహిణులు నూనె రాచి యూరకుందురు. అట్టి యింటి బల్లెము ఎంతో బాగుగా నిలిచియుండుట మేము చూచినాము. పాత కుంకుమయు నూనెయు గట్టిపడి గొట్టపు సందులలో నల్లని పొరయై యుండును. ఆ పొరను గోకి పాఱవేయుట పొరపాటు. అది వయస్సును నిరూపింపలేకపోయినను, వస్తువు ఒక్కయింట చిరకాలము పూజలందుకొన్నదనుటకు సాక్ష్యమే. అంగడివాడు తెచ్చిన "సంస్థానపు బల్లె"మున ఈ పొర యుండదు. ఉండినను క్రొత్త కుంకుమవన్నె ఒక్కపూతగా నుండును.

కఱ్ఱ విషయమున తొందరపాటు కూడదు. కఱ్ఱ చెడును, విఱుగును, చెదలు తినును. నిజమైన మొనలకు నేడున్న కఱ్ఱలలో పెక్కు తరువాతివి. కఱ్ఱ క్రొత్తదైనంత మాత్రమున మొనను దోషి యనరాదు. పాతయిండ్ల కప్పులు తక్కువయెత్తు గనుక, లోన నిలుపుటకై ఎంతో పొడవైన కఱ్ఱలను సగము కోసివేసినవారును కలరు. పాతకఱ్ఱ గుండ్రముగా తరిమెన పట్టినదైనను కాలక్రమమున ఒకవైపు ఎండి కుంచించుకొని కొంచెము కోలగా నగును. వ్రేళ్లతో పట్టి త్రిప్పిన తెలియును. కొయ్యను తొలుచు పురుగు లోన దారులు చేసికొని, పైకి చిన్న గుండ్రని రంధ్రముతో వెలుపలికి వచ్చును. అందుచేత పైన రంధ్రములే కనబడవలెను. పైన పొడుగుపాటి కాలువలు తెఱచుకొని కనబడినచో, పురుగు తిన్న పాతదూలమును తెచ్చి తరువాత చెక్కి కఱ్ఱ చేసినారన్నమాట. కొయ్య పాతదే, పురుగు పాతదే, దండము మాత్రము క్రొత్తది. ఈ చిన్న పరీక్షకు భూతద్దము కూడ నక్కఱలేదు.

గొట్టమును, మేకులను, అడుగున రోకలికివలె తొడిగిన పొన్నును దీపము దగ్గఱ పెట్టుకొని చూడవలెను. పూర్వపు కమ్మరి ఇనుపపలకను వేడిచేసి చుట్టి, అంచుమీద అంచు వేసి కొట్టి గొట్టము చేయును. ఎంత నేర్పరి యైనను లోపలివైపు అతుకుజాడ తఱచుగా మిగిలియుండును. అతుకులేని గొట్టపు కడ్డీలు కర్మాగారములలో 1885 తరువాతనే వచ్చినవి. మొనయు గొట్టమును కలియుచోట పూసలవలె కరగిన చారిక యున్నచో అది విద్యుత్తుతో అతికినది; దానిని ఆకురాతితో రాచి రంగువేసి దాచుటకు ప్రయత్నింతురు, ఒక్కమూల మఱతురు. మరమేకు కనబడినచో దాని చుట్లను చూడుడు. యంత్రము కోసిన చుట్లు ఒక్క కొలతగా నుండును; చేతితో కోసినవానికి ఆ క్రమశిక్షణ లేదు. అయితే ఒక్క క్రొత్త మరమేకు ఒక మరమ్మతును మాత్రమే ఋజువు చేయును, అబద్ధమును కాదు.

బంగారపు నగిషీ గలవానిని కొనువారు అధికము గనుక వానిలోనే మోసమును అధికము. కోఫ్తగరీ యను పనిలో ముందుగా ఇనుపతలమునంతయు సన్నని అడ్డుగీతలతో గఱుకు చేసి, దానిమీద బంగారుతీగెను పెట్టి సుత్తితో కొట్టి నిలుపుదురు. బంగారము అరిగినచోట ఆ అల్లిక గీతలు బయటపడును. 1840లో విద్యుత్తుతో బంగారుపూత పెట్టు పద్ధతికి ఎల్కింగ్టనులు ఇంగ్లండున పేటెంటు పొందిరి. అట్టి పూత అరిగినచోట నునుపైన ఇనుమే కనబడును. రాజస్థానపు బజారులలో నేడమ్మబడు అలంకారాయుధములలో పూతకు బదులు పసుపురంగు కూడ చాలును.

వ్రాతలున్న ఆయుధములు కొన్ని కలవు. వానిని గూర్చి తెలుగువారు తప్పక తెలిసికొనవలెను. 1688-89 ప్రాంతమున ఆదవాని దుర్గము బిజాపురపు సేనాని సిద్ది మసూదు చేతినుండి మొగలాయీల వశమైనప్పుడు, ఔరంగజేబు కొలువులోనున్న బికనీరు మహారాజు అనూపసింగు అచ్చటి ఆయుధములను కవచములను తన జునాగఢ్ కోటకు తరలించెను. వానిపై ఆదవాని విజయమును పేర్కొనుచు నాగరాక్షరములలో చుక్కచుక్కగా పొడిచిన వ్రాతలున్నవి. వానిలోని కవచములు నేడు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమువఱకు చేరినవి. కర్నూలు సీమ కోటలోని సొత్తు ఎడారిదేశపు భాండాగారమున రెండు శతాబ్దములకుపైగా నిలిచి సముద్రము దాటినది! దక్కను ఆయుధముల కాలనిర్ణయమునకు ఈ చుక్కలంత గట్టి యాధారములు తక్కువ. చుక్కలకింత విలువ యుండుటచేత, చుక్కలు పొడుచుట తెలిసినవారు నేడును ఉందురని మఱవరాదు. వ్రాత తుప్పుక్రింద నున్నదా, తుప్పును కోసికొని పైన నున్నదా యనునది భూతద్దముతో చూడవలెను. తుప్పు గుంటలోనికి దిగి మెఱయుచున్న చుక్క తుప్పుకంటె చిన్నది. హిజరీ సంవత్సరములను చదువునప్పుడును జాగ్రత్త వలయును: 1100 హిజరీ యనగా క్రీస్తుశకము 1688-89, పదునొకండవ శతాబ్దము కాదు. ఈ పొరపాటుతో ఆఱువందల యేండ్లు ముందునకు పోయిన ఖడ్గములు లేకపోలేదు.

మోసమొక్క మనదేశపు విద్యయే యనుకొనరాదు. లండనులో శామ్యూలు ప్రాట్ అను వర్తకుడు 1838లో పాతకవచముల ప్రదర్శనము పెట్టెను. మఱుసటి సంవత్సరము ఎగ్లింటనులో జరిగిన కృత్రిమ యుద్ధక్రీడకు కవచములు సమకూర్చెను. అతనికి గ్రింషా అను పనివాడు క్రొత్త కవచములను పాతవిగా చేసి యిచ్చుచుండెను. వివేకులైన సంగ్రహకర్తలు గూడ వానిని కొనిరి. దీనికి భిన్నముగా మ్యూనిక్కున ఎర్నెస్టు ష్మిట్టు కర్మశాల అనుకరణములని చెప్పియే, పట్టికలు అచ్చువేసియే హాల్బర్డులను అమ్మెను. చేసినవాని పలుకులో అసత్యము లేదు. రెండు చేతులు మారిన తరువాత పట్టిక పోయినది, హాల్బర్డు మిగిలినది. నేడు దానికి నూఱేండ్ల నిజమైన తుప్పును పట్టినది.

ఇచ్చట చట్టమునకును చరిత్రకును కొంచెము దూరము కనబడును. భారతప్రభుత్వపు 1972వ సంవత్సరపు పురావస్తు చట్టము ప్రకారము నూఱేండ్లు దాటిన వస్తువు పురావస్తువు. దానిని ప్రభుత్వముగాని, ప్రభుత్వము అధికారమిచ్చిన సంస్థగాని తప్ప ఇతరులు దేశము దాటింపరాదు. నూటపదియేండ్ల క్రింద ముచ్చటకు చేసిన నకలు ఈ లెక్కను పురావస్తువే యగును. చట్టము కాపాడుటకు ఏర్పడినది. అది విరివిగా కాపాడుట మంచిదే. కాని "పురావస్తు వని సర్కారువారే యన్నారు" అనుటవలన ఒక ఉత్సవపు బల్లెము బొబ్బిలి బల్లెము కాజాలదు.

పరిశోధనాలయములను గూర్చి గృహస్థులకు గొప్ప యాశలున్నవి. కఱ్ఱలోని బొగ్గు పరమాణువులను లెక్కించి వయస్సు చెప్పు పద్ధతి వేలయేండ్ల సంగతులకు దివ్యాస్త్రమే. అయితే 1650 మొదలు 1950 వఱకు గల మూడువందల యేండ్లలో వాయుమండలపు ఒడుదొడుకులచేత దాని లెక్కలు ఒకదానిపై నొకటి పడిపోవును. మన బల్లెములలో పెక్కు ఆ మూడువందల యేండ్లవే. చేతితో పట్టుకొని ఎక్సురే కిరణములతో లోహములను చెప్పు యంత్రము మాంగనీసును క్రోమియమును చూపును, బొగ్గుసారమును చూపదు, పైపొరనే చదువును. ఇత్తడి విషయమున ఐరోపావారి సూత్రమొకటి కలదు: వారి పూర్వపు పద్ధతిలో ఇత్తడిలో తుత్తునాగము నూటికి ఇరువదియెనిమిది ముప్పది పాళ్లకు మించదు గనుక మించినది తరువాతిది యని. దానిని మన పొన్నులకును పూలకును అన్వయించుట అవివేకము. ఇంగ్లండున లోహరూపమైన తుత్తునాగమును తీయుటకు 1738లో ఛాంపియను పేటెంటు పొందగా, రాజస్థానపు జావరు గనులవద్ద అంతకు కొన్ని శతాబ్దములకు ముందే దానిని మూసలలో బట్టిపట్టి తీయుచుండిరి. ఒకరి సూత్రముతో మఱియొకరి వస్తువును కొలిచినచో మన నిజమైన ఇత్తడి నకిలీ యగును.

ఇన్ని పరీక్షలకును నిలిచిన బల్లె మొకటి యున్నదనుకొందము. మొన మూసయుక్కుది, గొట్టపు అతుకు లోన కనబడుచున్నది, తుప్పు న్యాయముగా నున్నది, కుంకుమ పొరలు పొరలుగా నున్నది. అప్పటికిని మనము చెప్పగలిగినది "పదునెనిమిదవ శతాబ్దపు పోరుబల్లెము కావచ్చును" అనునంతవఱకే. 1757 జనవరిలో అది కోటలో నుండెనో, వెలుపల నుండెనో, ముట్టడించినవారి చేతిదో, ముట్టడింపబడినవారి చేతిదో ఇనుము చెప్పదు. అది చెప్పవలసినది కాగితము: సంస్థానపు సరకుల పట్టిక, భాగపంపకపు దస్తావేజు, పాత యుత్తరము. 1948లో చెన్నరాజధాని జమీందారీలను రద్దుచేసిన తరువాత దివాణములలోని సామానులు చెల్లాచెదరైనప్పుడు బల్లెములను కొనినవారుండిరి కాని పట్టికలను కొనినవారు తక్కువ. పట్టికలు పొట్లములు కట్టుటకు పోయినవి.

కాగితము లేనియెడల మాట యున్నది. ఇంటి పెద్దలు చెప్పు కథను ఇది సత్యము, ఇది యసత్యము అని తీర్పు చెప్పక, ఎవరు చెప్పిరి, ఎన్నడు చెప్పిరి, వారి కెవరు చెప్పిరి యని తేదీతో వ్రాసియుంచవలెను. నాయనమ్మలు చెప్పు కథలలో మగవారు చెప్పనివి కొన్ని యుండును: ఏ పెండ్లిలో ఆ బల్లెము ఈ యింటికి వచ్చినది, ఏ కఱవులో దాని వెండితొడుగు అమ్మివేసిరి, కఱ్ఱ విఱిగినప్పుడు ఏ యూరి వడ్రంగి మార్చెను. బొబ్బిలి పేరు లేని ఈ సంగతులే పరీక్షకునికి పనికివచ్చును. వెండితొడుగు పోయినచోట తుప్పు వేఱుగానుండుటకు కారణము ఆమె మాటలోనే దొరకును. మొనను, గొట్టమును, మేకులను, పొన్నును వేర్వేఱుగా ఛాయాచిత్రములు తీయించి ఆ కాగితముతో కలిపి యుంచుడు. కొలతలును బరువును వ్రాయుడు. రాబోవు దసరాకు చింతపండును ఇటుకపొడిని వంటింటనే యుంచి, మెత్తని గుడ్డతో పలుచగా నూనె తుడువుడు. కుంకుమబొట్టు బల్లెము వెనుక గోడమీద పెట్టవచ్చును.